రెండో నంబరు కొట్టని పిల్ల

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను పాల్వంచ దగ్గరి ఒక అటానమస్ కాలేజీకి కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతిగా బదిలీ చేశారు. అటానమస్ అంటే సిలబస్‌ను కాలేజీలోని బోర్డ్ ఆఫ్ స్టడీసే నిర్ణయించుకోవచ్చు. అప్పటికి సైబర్ సెక్యూరిటీ చివరి సెమిస్టర్‌లో ఇష్టమున్నవాళ్లు తీసుకునే పేపరు. ఇల్లంతా కట్టి, గృహప్రవేశం అయ్యాక తలుపులకు గడియలు వెతికినట్టుండేది ఆ పద్ధతి. ప్రోగ్రామింగ్, డేటాబేస్ నేర్పే క్లాసులోనే భద్రత కూడా నేర్పాలని నేను ప్రతిపాదించాను.

ప్రిన్సిపాల్ గారిది ముదిగొండ వైపు రైతు కుటుంబం. "దొంగ చేతికే తాళాలిస్తమంటరేంది సార్?" అన్నారు. నాకు కోపమొచ్చింది కానీ మింగాను. తాళం ఎట్లా ఊడుతుందో తెలియనివాడు మంచి తాళం చేయలేడని బోర్డు ముందు చాలాసేపు వాదించాను. చివరికి ఒక్క ఏడాదికి ఒప్పుకున్నారు. ఒక్క ఫిర్యాదొచ్చినా పాత సిలబసే అన్నారు.

ల్యాబ్‌లో నా మొదటి నియమం: యజమాని అనుమతి లేనిదే ఏ సిస్టమ్‌నూ పరీక్షించకూడదు. పిల్లలకు విసుగు పుట్టేదాకా చెప్పాను.

రెండో సంవత్సరంలో రాధిక అనే అమ్మాయి ఉండేది. ములకలపల్లి దాటాక అడవి అంచు పల్లె. ఊళ్లో ఫోన్లకు సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కాలి. ఫలితాలొచ్చిన రోజు ఒకరు గుట్టెక్కి అందరి మార్కులూ చూసిరావడం వాళ్ల అలవాటు. అట్లాగే తనూ వెళ్లి కాలేజీ వెబ్‌సైట్‌లో తన పాస్‌వర్డ్‌తో లాగినై మార్కులు చూసుకుంది. పైన అడ్రసులో తన హాల్‌టికెట్ నంబరు కనిపించింది. ఆ నంబరు తీసేసి, చూసిరమ్మన్న స్నేహితురాలి నంబరు కొట్టింది. పాస్‌వర్డ్ అడగకుండానే ఆ పిల్ల మార్కులు తెరుచుకున్నాయి. అంటే ఎవరి మార్కులైనా ఎవరైనా చూడొచ్చన్నమాట. సరిగ్గా ఆ లోపం గురించే నేను డేటాబేస్ క్లాసులో చెప్పి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చి నాకు చెప్పింది. పరీక్షల విభాగానికి రాసివ్వమన్నాను, రాసిచ్చింది. సాయంత్రానికి వాళ్లు దాన్ని నేరాంగీకారంగా తీసుకుని షోకాజ్ నోటీసిచ్చారు. రుజువైతే ఏడాది సస్పెన్షన్. ఏడాది ఇంట్లో కూర్చుంటే ఆ పిల్లను మళ్లీ చదువుకు పంపుతారన్న నమ్మకం లేదు. సిలబస్ సంగతి తర్వాత, నాకు ఆ భయమే పట్టుకుంది.

విచారణలో పరీక్షల విభాగం పెద్ద, కంట్రోలర్ మేడం సూటిగానే అడిగారు. ఎన్ని నంబర్లు కొట్టినవు?

"మా దోస్తుది ఒక్కటే మేడం. అదే చూడమన్నది. పాస్‌వర్డ్ లేకుండనే తెరుచుకునేసరికి ఇది తప్పని సమజైంది. రెండోది కొట్టలే."

నిజంగా తెరుచుకుంటుందో లేదో ఇంకొకటి కొట్టి చూడాలనిపించలేదా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు.

"అనిపించింది సార్. కానీ మా ఊళ్ల పండగ జేసి దేవుడికి పెట్టందే కొత్త మామిడికాయ ముట్టం. చెట్టు మా ఇంటిముందే ఉన్నా ముట్టం. సార్ గూడ గట్లనే చెప్పిండు, అడగకుండ ముట్టొద్దని."

మేడం సర్వర్ నడిపే ఉద్యోగిని పిలిపించి, ఎవరెవరి మార్కులు తెరుచుకున్నాయో ఆ రికార్డు అక్కడికక్కడే చూపించమన్నారు. రాధిక లాగిన్ నుంచి తెరుచుకున్నవి తనదీ, స్నేహితురాలిదీ మాత్రమే. నాకు ప్రాణం లేచొచ్చింది. నోటీసు వెనక్కి తీసుకున్నారు, లోపాన్ని ఆ రోజే సరిచేశారు. మెట్లు దిగుతూ ప్రిన్సిపాల్ గారు, "మీ తాళాలు మంచి చేతికే ఇచ్చిండ్రు లే సార్" అన్నారు. రాధిక మాత్రం బస్సుకు టైమైందని అప్పటికే పరుగెత్తింది.

సిలబస్ నిలిచింది. లోపం కనిపెట్టడం నేర్పడం తేలికే. ఆ కబురు తెచ్చినవాళ్లను దొంగల్లా చూడకుండా వినే ఆఫీసును తయారు చేయడమే అసలు పని అని నాకు అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది లోపాలు కనిపిస్తే ఎవరికి చెప్పాలి, విన్నవాళ్లు ఏం చేయాలి అన్నదాన్ని మొదటి యూనిట్‌గా పెట్టాం. దాని తొలి క్లాసు పరీక్షల విభాగం సిబ్బందికి తీసుకున్నాను.