పిన్ని ఒక్కతే చెప్పే ఆమెన్

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో, తన చెప్పు తొక్కానని నాతో తగవు పడిన పక్కింటి పిన్ని, సోమవారం పొద్దున్నే పోయింది. దర్జీల చొక్కాలకు గుండీలు కుడుతూ పక్కకు ఒరిగిపోయింది. ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. తోపుడు బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. వారమైనా నాకు నమ్మకం కుదరడం లేదు. గోడ అవతల దగ్గు వినబడుతుందేమోనని ఆగి వింటున్నాను.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా సందు వాళ్ళం చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళమే. పిన్ని భర్త, మేం బాబాయి అనేవాళ్ళం, మూటలు మోసేవాడు. తాగేవాడు, కొట్టేవాడు. మంచాన పడ్డాక పాస్టరు గారు ప్రార్థన చెయ్యడానికి వస్తే, "నీ పాట ఇంకెవలికైనా పాడుకో" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలాగే పోయాడు. మారుమనస్సు లేకుండా పోయినవాడికి నిత్య నరకమేనని పాస్టరు గారు సమాధి దగ్గరే చెప్పారు. పిన్ని ఏడుపు ఆపి ఆయన మొహంలోకి చూసింది.

మా చర్చిలో ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకుంటారు. పాస్టరు గారు ఒక్కొక్కటీ ఎత్తి ప్రార్థిస్తే అందరం ఆమెన్ అంటాం. ఆ తరవాతి ఆదివారం పిన్ని లేచింది.

"మా ఆయన కోసం సెయ్యండి."

"పోయినవాళ్ళకి ప్రార్థన లేదమ్మా."

"ఎన్నాళ్ళుంచుతారండి ఆయన్నక్కడ?"

"వాక్యం నిత్యమనే చెబుతోంది కదమ్మా."

"నిప్పు నిత్యం ఉంటే ఉండనీండి. మనిసి కూడా నిత్యం అందులోనే ఉండాలేటి? నన్ను కొట్టినందుకు ఓ యేడు కాల్చమనండి, ఇంకో యేడు కాల్చమనండి, నాను వద్దనను. ఆ తరవాత ఆయన్నేటి సేసుకుంటాడండి దేవుడు?"

వెనక బల్ల మీద ఎవరో నవ్వారు. పాస్టరు గారు ఆ విన్నపం వదిలేసి మిగతావాటికి ప్రార్థించారు. మా ఆమెన్ అయిపోయాక పిన్ని తనలో ఏదో అనుకుని, గట్టిగా, ఒక్కతే "ఆమెన్" అంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే. ఆయన ఎత్తేవారు కాదు, ఆవిడ మానేది కాదు. మాకూ అలవాటైపోయింది. ఆవిడ ఆమెన్ పడితేగాని ఎవరం కళ్ళు తెరిచేవాళ్ళం కాదు.

మెత్తని మనిషేం కాదు. చేపల పులుసు ఓ గిన్నెడు ఇచ్చేది, గిన్నె తిరిగొచ్చేదాకా గోడ మీద బాదేది. బాబాయి మాటొస్తే, ఆయన పోయాక కూడా తిట్టేది. "అంత తిడతావు, మళ్ళీ ఆయన కోసం అడగడం దేనికి?" అన్నాను ఒకసారి.

"పూట దాటితే నాకే కోపం నిలవదురా. దేవుడికి అంతలేసి కాలం ఎలాగ నిలుస్తాదో నువ్వే సెప్పు" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

నిన్న ఆదివారం. విన్నపాలు అయిపోయాయి. కళ్ళు మూసుకోమనే ముందు పాస్టరు గారు వెనక పిన్ని కూర్చునే చోటు వైపు కాసేపు చూశారు. ప్రార్థన చివర బాబాయి పేరు పెట్టి, "ఆయన్ని కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

మేం నిర్ఘాంతపోయాం. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎవరం కళ్ళు తెరవలేదు. వెనక నుంచి ఆ ఒక్క గొంతు ఇంకా రాలేదు.