పెదనాన్న తూలిన వారం

ఆ రోజుల్లో ఒక పెద్ద మాట నోటికి వస్తే చాలు, అది అర్థమైపోయిందనుకునేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఏలూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ, సెమినార్ కోసం చిన్నమెదడు కణాల గురించి బట్టీ పడుతున్నాను. ఆ కణాల పొరల్లో సోడియం, పొటాషియం వచ్చిపోవడానికి సన్నటి ద్వారాలుంటాయి. ఏ కణానికి ఏ రకం ద్వారాలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టే దాని తీరు. ఒకటి ఆగకుండా సంకేతాలు పంపుతుంది, ఇంకొకటి కదిపితేగానీ పలకదు. మనం తూలకుండా నడవడం వాటి చలవే. సెలవులకు ఉంగుటూరు దగ్గర పెదనాన్నగారింటికి వెళ్లి, వరండాలో కూర్చుని ఇదంతా పైకి చదివేదాన్ని (వినేవి కోళ్లు మాత్రమే).

పెదనాన్న చర్చిలో సంఘపెద్ద. ఇల్లిల్లూ తిరిగి నలుగురి చేత తాగుడు మాన్పించిన మనిషి. అలాంటి ఆయన ఆ వారం తూలడం మొదలుపెట్టారు. మాట ముద్దగా వచ్చేది. ఆదివారం బైబిలు వాక్యం చదవడానికి లేచి పాస్టరుగారి మీదికి ఒరిగిపోయారు. ఇక మీదట ఆయన చదవక్కర్లేదని సాయంత్రానికి కబురొచ్చింది. పెద్దమ్మ ఆయనతో మాట్లాడడం మానేసి, సీసా కోసం గడ్డివాము దాకా వెతికింది. నేనూ (సైన్సు చదివేదాన్ని) మంచినీళ్లిచ్చే వంకతో దగ్గరగా వంగి వాసన చూశాను.

"వాసనేం రాదమ్మా. నేను తాగలేదు" అన్నారాయన నెమ్మదిగా. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే ఏలూరులో డాక్టరుగారికి చూపించాం. నా నోట్సు తెరిచి ద్వారాల సంగతి ఆయనకే చెప్పబోయాను. ఆయన ఓపిగ్గా విని, పెదనాన్నను గీత మీద నడిపించి, పాత చీటీ చూసి, ఏళ్లుగా వాడుతున్న ఫిట్స్ మాత్రలు రోజుకెన్ని వేసుకుంటున్నారని అడిగారు. పెదనాన్న రెండన్నారు.

పెద్దమ్మ నేల చూస్తూ, "నాలుగండి. పోయిన నెల మళ్లీ ఫిట్స్ వచ్చాయని భయమేసి, ఇంకో రెండు పెరుగన్నంలో కలుపుతున్నానండి" అంది.

ఆ మందు పనిచేసేది సోడియం ద్వారాల మీదేనట. మోతాదు మించితే చిన్నమెదడు పట్టు తప్పుతుందట. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. మాత్రలు తగ్గించాక నెల తిరక్కుండా, సంగతి తెలిసిన పాస్టరుగారే పిలవగా, పెదనాన్న నిటారుగా నిలబడి వాక్యం చదివారు. పెద్దమ్మ ఆ పూటంతా ఏడుస్తూనే నవ్వింది.

చర్చి నుంచి వచ్చి, ఆయన నా సెమినార్ చెప్పమన్నారు. చివరిదాకా విని, "ఆ కణాలన్నీ ఒకేలా ఉంటే ఏమయ్యేదమ్మా?" అని అడిగారు. తెల్లమొహం వేశాను. పుస్తకం అర్థం చేసుకుంటూ చదవడం ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. ఇప్పుడు పాఠం చెబుతుంటే అప్పుడప్పుడు ఆ తెల్లమొహం పిల్ల గుర్తొస్తుంది. నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.