బేస్ ఆంప్‌కు చేసిన ప్రార్థన

పాలమూరు వైపు బేస్ గిటార్ వాయించేవాళ్లు ఇద్దరు కలిస్తే యోగక్షేమాలు అడుక్కోవడం మర్చిపోతారు. “ఏ డబ్బా గొన్నవే? ఎంత వడ్డది?” అని మొదలుపెడతారు. డబ్బా అంటే ఆంప్లిఫయర్, దాని కింద పెట్టే స్పీకర్ పెట్టె. మా వాయిద్యం ఎలాంటిదంటే, వేదిక చివర నిలబడ్డ ఆ మనిషి ఏం వాయిస్తున్నాడో సభలో సగం మందికి తెలియదు. ఆపేస్తే మాత్రం పాటలో ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది. ఆ ‘ఏదో’ కోసం మేం పెట్టే ఖర్చు నిజంగా చెబితే ఇంట్లో మాకు అన్నం పెట్టరు. నాకు తెలిసిన ఒకాయన ఉన్న ఒక్క మోటార్ సైకిల్ అమ్మి ఆంప్ కొన్నాడు. ఇప్పుడు ఆ ఆంప్‌ను ప్రోగ్రాములకు తీసుకుపోవడానికి ఆటో కిరాయి కడుతున్నాడు. అతన్ని చూసి మేమంతా నవ్వాం, నవ్వుతూనే లోపల కుళ్లుకున్నాం.

ఆ పిచ్చిలో నేను ఎవరికీ తీసిపోయినవాణ్ణి కాదు. తీసిపోయి ఉంటే బాగుండేది. ఇప్పటికీ వేదిక ఎక్కేముందు నా అరచేతులకు చెమట పడుతుంది. పాట తప్పుతానేమోనన్న భయం పదిహేనేళ్ల కిందటే పోయింది. ఈ భయం వేరు. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు, ఒక ఆదివారం పగటిపూట పట్టుకున్న భయం ఇది.

మాది ఆత్మకూర్ దగ్గర పల్లె. మా తాత, బాపు ఇతరుల పొలాల్లో కూలి చేసి బతికినవాళ్లు. తర్వాత ఒకటిన్నర ఎకరం మా పేరున వచ్చింది. నేను కొత్తకోటలో ఒక ప్రైవేటు బడిలో పాటల మాస్టారుగా చేరాను. ఆదివారాలు చర్చిలో, ఎండాకాలం సువార్త సభల్లో బేస్ వాయించేవాణ్ణి. మా బాపు వయసులో ఉన్నప్పుడు డప్పు కొట్టేవాడు. ఎడమ చేతిలో సన్నపుల్ల, కుడి చేతిలో లావుపుల్ల పట్టుకుని దరువు మొదలుపెడితే పక్క ఊరి నుంచి మనుషులు వచ్చేవాళ్లట. నేను మొదటిసారి బేస్ వాయించినప్పుడు చర్చిలో అందరూ కీబోర్డు అబ్బాయిని మెచ్చుకున్నారు. బాపు ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు.

“నీది చెవులకెళ్లి కాదు బిడ్డా, కడుపులకెళ్లి ఇనొస్తున్నది. డప్పు లెక్కనే ఉన్నది” అన్నాడు.

ఆ మాటే నా కొంప ముంచింది. అప్పుడు నా దగ్గరున్నది చిన్న ఆంప్, గదిలో సాధన చేసుకోవడానికి పనికొచ్చేది. పొలాల్లో వేసే సభలో దాని గొంతు పది అడుగులు దాటేది కాదు. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో నేను చూసిపెట్టుకున్నది వేరే ఉంది. పైన ఇనుప హెడ్, అంటే అసలు ఆంప్, దానికి రెండు పక్కలా మెరిసే పిడులు, కింద నాలుగు స్పీకర్ల నల్లపెట్టె. తొంభై వేలు. నా దగ్గర సగమే ఉంది. ఇంటి రేకులు తీసి స్లాబు వేద్దామని దాచిన డబ్బులోంచి మిగతా సగం బాపు తీసిచ్చాడు. అమ్మ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. “రేకుల కింద ఇన్నేండ్లు ఉండలేదా, ఇంకో రెండేండ్లు ఉంటే సచ్చిపోతమా?” అని బాపు ఆమెకు నచ్చజెప్పాడు.

ఆంప్ ఇంటికి వచ్చిన రోజు సంతోషం కంటే ముందు భయమే వచ్చింది. రేకుల సందులోంచి వాన కారుతుందేమోనని దాని మీద టార్పాలిన్ కప్పాను. ఎలుక కొరుకుతుందేమోనని పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను. తొంభై వేల వస్తువు ఇంట్లో ఉంటే మనం దానికి కాపలావాళ్లం అవుతాం. దాని గురించి ఇన్ని రకాలుగా భయపడ్డ నేను, భయపడాల్సిన చోట మాత్రం భయపడలేదు.

ఇంట్లో తీగ కలిపి వాయిస్తే సన్నగా ‘గుం’ అని మోత. బేస్ వాళ్లకు ఆ మోత అంటే అన్నంలో రాయి. మా వాళ్లలో దానికి అందరికీ తెలిసిన మందు ఒకటుంది. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉంటాయి గదా, పైన లావుగా ఉండేది కోసిపారేస్తే మోత పోతుంది. అది ఎర్తు పిన్ను. ఆంప్ లోపల కరెంటు దారి తప్పితే దాన్ని భూమిలోకి పంపేది అదే. నాకు ఈ సంగతి తెలియదని అబద్ధం చెప్పను. బడిలో పిల్లల సైన్సు పుస్తకంలో కూడా ఉంది. సభల మొదటి రోజు పొద్దున, వాకిట్లో కూర్చుని రంపపు బ్లేడుతో ఆ పిన్ను కోసేశాను. ఇత్తడి ముక్క ఎటో ఎగిరిపడింది. మోత ఆగింది. నేను మురిసిపోయాను.

సభలు కొత్తకోట దగ్గర, పల్లీ పీకేసిన చేనులో. రెండు ట్రాక్టర్ ట్రాలీలు జతచేసి, మీద పలకలు, పలకల మీద పచ్చ తివాచీ పరిచి వేదిక కట్టారు. మా దగ్గర దైవసన్నిధిలో ఎవరూ చెప్పులతో నిలబడరు. చర్చిలో గడప బయట విడుస్తాం, సభల్లో వేదిక మెట్ల కింద విడుస్తాం. పాడేవాళ్లం, వాయించేవాళ్లం, ప్రసంగించే పాస్టరయ్య, అందరం ఉత్త కాళ్లే.

శనివారం సాయంత్రం వాయిస్తుంటే తీగలు వేళ్లకు చిమచిమ అన్నాయి. వంత పాడదామని మైకు దగ్గరికి వంగితే పెదవికి చురుక్కుమని తగిలింది. వెనక్కి తగ్గాను. సభకు మైకులు, స్పీకర్లు కిరాయికి తెచ్చిన మైకు సెట్టు ఆయన చూశాడు. ఎక్కువ మాట్లాడడు గానీ పనిలో గట్టివాడు. మైకుల పెట్టెకు ఎర్తు కోసం వేదిక పక్కన ఇనుప కడ్డీ దిగ్గొట్టి, దాని చుట్టూ ఉప్పు వేసి, రెండు పూటలా నీళ్లు పోసేవాడు. పాట అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

“సార్, మీ డబ్బా ప్లగ్గుకు పెద్ద పిన్ను లేదు. జర మంచిగ జేయించుకోండ్రి. కాళ్లకు చెప్పులు గూడ లేకపాయె.”

“ఇది ఎంతదో ఎర్కేనా నీకు? తొంభై వేలది. నీ డొక్కు బాక్సుల లెక్క కాదు” అన్నాను.

ఆయన వెళ్లి తన కడ్డీ దగ్గర నీళ్లు పోశాడు. నాకు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. అప్పుడు మాత్రం గాలిలో తేమ ఉంది, అందుకే చిమచిమ అని సర్దిచెప్పుకున్నాను. కొత్త ఆంప్‌లో లోపం ఉందని ఒప్పుకుంటే బాపు ముఖం ఎలా చూడాలి? అమ్మ ఏమంటుంది? ఆ భయానికి ఈ భయాన్ని మింగేశాను.

ఆదివారం తెల్లవారుజామున చినుకులు పడ్డాయి. తివాచీ తడిసి, మడమల కింద చల్లగా నీళ్లు ఊరుతున్నాయి. పదకొండింటికి ఆరాధన మధ్యలో పాస్టరయ్య నా వైపు తిరిగాడు. మాలో కొత్త వస్తువు ఏది కొన్నా, ఆటో అయినా కుట్టుమిషను అయినా, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయించుకుంటాం. ఆయన నా ఆంప్‌కు ప్రార్థన చేస్తామని ప్రకటించి, “కొనిచ్చిన తండ్రే ఇయ్యాల ప్రార్థన చేస్తడు” అని బాపును వేదిక మీదికి పిలిచాడు.

బాపు ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఎవరి సాయం లేకుండా పైకి వచ్చాడు. నేను గిటార్ పక్కన పెట్టి మోకరించాను. ఆంప్‌ను మాత్రం ఆపలేదు. దాని ముందున్న ఎర్ర దీపం జనానికి కనబడాలని నా సరదా. బాపు కుడి చేతిలోకి మైకు తీసుకున్నాడు. ఎడమ చేయి ఆంప్ వైపు చాచాడు.

నాకు ఆ క్షణంలో నిన్నటి చురుకు గుర్తొచ్చింది. నోరు తెరిచాను. వెయ్యి మంది ముందు “బాపూ, ముట్టుకోకు” అని ఎలా అనాలి? అన్నాక ఎందుకని చెప్పాలి? ఒక్క ఊపిరి సేపు ఆలోచించాను. ఈలోగా అందరూ కళ్లు మూసుకున్నారు. బాపు కూడా మూసుకుని ఇనుప పిడి పట్టుకున్నాడు.

“తండ్రీ...” అన్నాడు. తర్వాత మాట రాలేదు. స్పీకర్లలో గుయ్యిమని పెద్ద మోత. బాపు ఒళ్లంతా వణుకుతోంది. తల వెనక్కి వాలింది. దవడ కదులుతోంది గానీ గొంతులోంచి ‘ఆ... ఆ...’ అనే శబ్దమే. కింద చేనులో చప్పట్లు మొదలయ్యాయి. “స్తోత్రం! స్తోత్రం!” అని కేకలు. మా సభల్లో ప్రార్థన చేస్తూ మనిషి వణికితే ఆత్మ దిగిందని అంటారు, ఎవరూ తాకరు. నేనూ చిన్నప్పటి నుంచి అదే చూశాను. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెబుతాను. నేను కూడా ఒక క్షణం అదే అయి ఉంటే బాగుండునని కోరుకుని అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాను.

కాలిన వాసన వచ్చింది. అప్పుడు లేచాను. ఆంప్ కరెంటు తీగ పట్టుకుని గుంజితే ప్లగ్గు పెట్టిన బోర్డుతో సహా ఊడి వచ్చింది. బాపు పలకల మీద పడిపోయాడు, మైకు చేతిలోనే ఉంది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వేదిక మీదికి మొదట పరిగెత్తుకొచ్చింది మైకు సెట్టు ఆయన. బాపు ఛాతీ మీద రెండు చేతులు పెట్టి గట్టిగా ఒత్తాడు. నేను ఏం చేయాలో తెలియక బాపు కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. కాళ్లు మంచులా ఉన్నాయి. ఎంతసేపో తెలియదు. బాపు దగ్గాడు.

పాస్టరయ్య కారులో పాలమూరు దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా బాపు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. గుండె లయ తప్పింది, మూడు రోజులు గడిస్తే గానీ చెప్పలేమన్నారు డాక్టర్లు. ఎడమ అరచేయి కాలి తెల్లగా అయిపోయింది. ఆ మూడు రోజులు వార్డు బయట బల్ల మీద కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నన్నే పిలుస్తారని ఉలిక్కిపడ్డాను. అమ్మ నా పక్కనే కూర్చుంది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే కొంచెం ఊపిరి ఆడేది.

నర్సమ్మ బాపు చొక్కాను ఒక కవరులో పెట్టి ఇచ్చింది. ఇంటికి పంపుదామని జేబు తడిమితే గట్టిగా ఏదో తగిలింది. తీసి చూశాను. నేను కోసిపారేసిన ఇత్తడి పిన్ను.

నాలుగో రోజు బాపును మామూలు మంచానికి మార్చారు. నన్ను చూడగానే అడిగాడు.

“నా అంగి జేబుల ముక్క ఉండె, ఉన్నదా?”

“ఉన్నది బాపు.”

“ఆకిలి ఊడుస్తుంటే మీ అమ్మకు దొరికింది. నీ మిషన్‌దేమో అని జేబుల ఏసుకున్న. అది అవసరమా బిడ్డా, అని ప్రార్థన అయినంక అడుగుదామనుకున్న.”

నేను మంచం పట్టీ మీద తల పెట్టి అంతా చెప్పాను. కోసిన సంగతి, మైకు సెట్టు ఆయన చెప్పిన సంగతి, పెదవికి తగిలిన చురుకు. ఆ ఒక్క క్షణం మోకాళ్ల మీద ఉండిపోయిన సంగతి కూడా చెప్పాను.

“నాకు ఇనవడ్డది బిడ్డా. అందరు చప్పట్లు గొడుతుంటే ఇనవడ్డది. నువ్వు వస్తున్నవేమో అని సూసిన” అన్నాడు బాపు.

అంతకు మించి ఈ రోజు వరకు ఏమీ అనలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే “దేవుడు కాపాడిండు” అని కూర్చున్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎడమ చేతి రెండు వేళ్లు ఇప్పుడు ముడుచుకోవు. డప్పు పట్టుకుంటే సన్నపుల్ల జారిపోతుంది.

ఆంప్‌ను పాలమూరులో విప్పించాను. హైదరాబాద్ నుంచి వస్తూ కుదుపులకు లోపల ఒక తీగ ఇనుప పెట్టెకు ఒరుసుకుందట. బాగుచేయడానికి అయిన ఖర్చు చెబితే మీరు నవ్వుతారు. కొత్త ప్లగ్గు, టెస్టరు, కాళ్ల కింద వేసుకునే రబ్బరు చాప అన్నీ కలిపి ఒక సభకు నాకిచ్చే దానిలో సగం కూడా కాలేదు. ఇప్పుడు బేస్ వాళ్లు ఎవరైనా “ఎంత వడ్డది?” అని అడిగితే ముందు వాళ్ల ప్లగ్గు చూపించమంటాను. పిచ్చోడనుకుంటారు, అనుకోనీ.

ఆ ఆంప్ అమ్మలేదు. ఇంటి మీద ఇంకా రేకులే ఉన్నాయి. వేదిక మీదికి మనుషులు ఎక్కకముందే నేను వెళ్లి, మైకు సెట్టు ఆయనతో కలిసి కడ్డీ దగ్గర నీళ్లు పోస్తాను. ప్రతి ఇనుప ముక్కకు టెస్టరు పెడతాను. అయినా నమ్మకం కుదరదు. చివరికి ఒక చేత్తో మైకు తీసుకుని, రెండో చేయి ఆ పిడి మీద పెడతాను. అప్పటికి చేరినవాళ్లు నేను ప్రార్థన చేస్తున్నానని కళ్లు మూసుకుంటారు. ముందు వరుసలో కూర్చున్న బాపు మూసుకోడు. నేను రెండు చేతులూ తీసేదాకా అలాగే చూస్తూ ఉంటాడు, ఒక కాలు అప్పటికే ముందుకు వేసి.