ల్యాప్‌టాప్‌కి తలంటిన క్రిస్మస్

నిండు హాల్లో జరుగుతున్న పండగ ఆరాధనను నిలువునా ఆపేసిన ఘనత అందరికీ దక్కదు. నాకు దక్కింది. అదీ క్రిస్మస్ రోజున, ఢిల్లీ చలిలో, పాస్టరుగారు చేతులెత్తి "పాడదాం" అన్న క్షణంలో! ఆ ఘోరంలో నా తప్పెంత, అరచేతిలో సగం కూడా లేని ఒక బుల్లి ఫ్యాను తప్పెంత అన్నది చివరికి మీరే తేల్చండి. నాకైతే ఇన్నేళ్ళయినా ఆ ఫ్యాను మీద కోపం తగ్గలేదు. ఇది రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది.

మొబైల్ ఫోన్లకి ఇంకా బటన్లున్న రోజులవి. నేను నోయిడాలో ఓ చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తూ, దగ్గర్లోని వైశాలిలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. మాది కాకినాడ వైపు. ఆదివారాలు మా తెలుగు సంఘం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేది. సంఘంలో సగంమంది నర్సులు. మిగతా సగం ఆ నర్సుల భర్తలు, పిల్లలు, చూసిపోదామని వచ్చి ఉండిపోయిన బంధువులు.

ఆ పిల్లలతోనే వచ్చింది చిక్కు. వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది. "అన్నం తిన్నావా?" అంటే "హాఁ, ఖా లియా" అని హిందీలో జవాబిస్తారు. తెలుగు అక్షరం మాత్రం వాళ్ళు ఎరగరు. పెద్దలు పాటల పుస్తకాలు తెరిచి గొంతెత్తి పాడుతుంటే, వెనక వరసల్లో పిల్లలు తప్పు బస్సెక్కినవాళ్ళలా దిక్కులు చూస్తూ నిలబడేవాళ్ళు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇంతలో సంఘంలోని డాక్టరుగారొకరు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాతది సంఘానికి ఇచ్చారు. దాన్ని చూసుకునే పని నాకు అప్పగించారు. నాకో ఆలోచన వచ్చింది. మన పాటలన్నీ హిందీ అక్షరాల్లో టైపు చేసి ప్రొజెక్టరుతో గోడ మీద పెద్దగా చూపిస్తే? చేశాను. మొదటి ఆదివారమే వెనక వరసలు గొంతు విప్పాయి. తల్లులు కళ్ళొత్తుకున్నారు. నేను కాలరు సర్దుకున్నాను.

సంతోషించనిది ఒక్క ఆనందరావు అంకుల్. ఆయన ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. సంఘం పెద్ద. పుస్తకం ఉండగా గోడ మీద పాటలేమిటని ఆయన పట్టుదల. ఎంత పట్టుదలంటే, ఆరాధన జరిగినంతసేపూ ఆ గోడవైపు కన్నెత్తి చూసేవారు కాదు. ఆయన ఎదురుచూస్తున్నది ఒక్క సాకు కోసం. ఆ సాకును నా ల్యాప్‌టాప్ ఫ్యాను పళ్ళెంలో పెట్టి అందించింది.

దాని కథ కాస్త చెప్పాలి. వారమంతా ఆ ల్యాప్‌టాప్ నా గదిలోనే ఉండేది. చలికాలం కదా, నేను రజాయిలో దూరి, దాన్ని రజాయి మీదే పెట్టుకుని పాటలు టైపు చేసేవాణ్ణి. దాని పక్కనున్న సన్నటి జాలీలోంచి వెచ్చటి గాలి వచ్చేది. దానికి చేతులు కాచుకుంటూ, "అబ్బ, కంప్యూటరూ ఇదే, హీటరూ ఇదే!" అని మురిసిపోయేవాణ్ణి. గాలి పీల్చుకునే కంతలు దాని కడుపు కిందుంటాయనీ, వాటిని నేను రజాయితో నొక్కి చంపుతున్నాననీ నాకేం తెలుసు? పాపం ఆ ఫ్యాను ఊపిరాడక ఇంకా గట్టిగా తిరిగేది. తిరిగినకొద్దీ రజాయి నూగు, ఢిల్లీ దుమ్ము మింగేది. మింగినకొద్దీ వేడి, వేడెక్కినకొద్దీ ఇంకా జోరు. అలా తిరిగి తిరిగి దాని ఇరుసు అరిగిపోయింది. మొదట్లో "హుష్" మనేది. తర్వాత "గుర్ర్" మనేది. డిసెంబరు వచ్చేసరికి ఎవరో తీరిగ్గా జంతికలు నములుతున్నట్టు "కరకర, కరకర" మొదలుపెట్టింది.

పోనీ ఆ నమిలేదేదో పాటల మధ్య నమలకూడదా? నమలదు! పాట జరిగినంతసేపూ బుద్ధిమంతురాలిలా ఉండి, పాస్టరుగారు "మౌనంగా ప్రార్థిద్దాం" అనగానే అందుకునేది. నేను కీబోర్డు మీంచి చెయ్యి తియ్యగానే తెర మీద రంగురంగుల చేపలు ఈదే స్క్రీన్‌సేవర్ వచ్చేలా ముచ్చటపడి పెట్టుకున్నాను లెండి. ఆ చేపల్ని ఈదించలేక అది వేడెక్కేదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ మౌనంలో జనం ఒక కన్ను తెరిచి, ఎవరు తింటున్నారా అని చుట్టూ చూసేవాళ్ళు.

క్రిస్మస్ ముందరి ఆదివారం అంకుల్ నన్ను పట్టుకున్నారు.

"ఏమయ్యా ప్రభాకరూ, ప్రార్థనలో ఆ గోలేంటి?"

"ఫ్యాను అంకుల్. లోపల వేడెక్కితే చల్లబరుస్తుంది."

"డిసెంబరులో ఫ్యానా? మా ఇంట్లో ఫ్యాన్లకి దీపావళి వెళ్ళగానే గుడ్డలు కట్టేశాం."

"దానికి లోపల వేడి అంకుల్."

"దేవుడి సన్నిధిలో కూర్చుని లోపల వేడేంటయ్యా దానికి?"

దీనికి ఏ ఇంజినీరు జవాబు చెప్పగలడు? ఆయన ఫైలు మీద సంతకం పెట్టేటప్పటి గొంతుతో తేల్చేశారు. "రికార్డు మీద చెబుతున్నా. క్రిస్మస్ ఆరాధనలో ఆ చప్పుడు నా చెవిన పడిందా, జనవరి నుంచి గోడ మీద పాటలు బంద్. ఠీక్ హై?"

ఠీక్ ఎలా అవుతుంది? పిల్లలు మళ్ళీ మూగవాళ్ళయిపోతారు. ఒక ఫ్యాను జంతికలు నమిలినందుకు! ఆ కోపంలో శపథం చేశాను, దాని నోరు నొక్కేస్తానని.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ విప్పాను. లోపలి నుంచి ఓ చిన్న దిండుకి సరిపడా నూగు వచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి ఆన్ చేశాను. కరకర. ఇరుసు అరిగితే ఏం చెయ్యాలి? నూనె వెయ్యాలి. ఏం నూనె? మా అమ్మ కుట్టుమిషనుకి ఏం వేసేది? తలుపు కీలు కిర్రుమంటే ఏం వేసేది? నా మాడుకి ఏం పెట్టేది? అన్నిటికీ ఒకటే మందు. కొబ్బరినూనె!

సీసా తీశాను. చలికి లోపల నూనె తెల్లగా సబ్బుబిళ్ళలా బిగుసుకుపోయి ఉంది. చొంబులో వేడినీళ్ళు పోసి, అందులో సీసా నిలబెట్టి, కరిగేదాకా ఓపిగ్గా కూర్చుని, అగ్గిపుల్లతో చుక్క చుక్కగా ఫ్యాను ఇరుసులో వేశాను.

ఆగండి, మీరేమంటారో నాకు తెలుసు. "గడ్డకట్టిన నూనెను నీ చేత్తోనే కరిగించి పోశావు కదా, అది మళ్ళీ గడ్డకడుతుందని తట్టలేదా?" తట్టలేదు! ఎంసీఏలో కొబ్బరినూనె మీద పేపరు లేదు. మా కాకినాడలో కొబ్బరినూనె ఏడాది పొడుగునా మర్యాదగా నీళ్ళలా ఉంటుంది. ఢిల్లీకొచ్చి అది పాడైపోతే బాధ్యత నాదా?

ఆన్ చేశాను. నిశ్శబ్దం! చెవి ఆనించి విన్నాను. చిన్న గాలి సవ్వడి, అంతే. హీటరు వేసిన గదిలో, వేడివేడి నూనెతో అది వెన్నలా తిరిగింది. నేను దాన్ని ముద్దుపెట్టుకుని, బ్యాగులో పెట్టి నిద్రపోయాను.

తెల్లారితే క్రిస్మస్. పొగమంచు ఎంతంటే ఎదురుగా ఉన్న ఆటో గొంతు వినబడుతోందే తప్ప ఆటో కనబడటం లేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని హాలు చేరాను. కొత్త చీరల మీద స్వెటర్లు, స్వెటర్ల మీద శాలువాలతో హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో మంకీ క్యాప్ పెట్టుకుని ఆనందరావు అంకుల్. ఆ రోజు కూడా గోడవైపు చూడకుండా చూపు పక్కకి తిప్పుకునే ఉన్నారు.

"పాడదాం" అన్నారు పాస్టరుగారు. నేను ల్యాప్‌టాప్ ఆన్ చేసే బటన్ నొక్కాను.

ఒక బీప్. గోడ నల్లబడింది. ఆ నలుపు మీద, గోడంత పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు వెలిశాయి: "ఫ్యాన్ ఎర్రర్". వెంటనే ల్యాప్‌టాప్ ఆరిపోయింది. ఫ్యాను తిరగకపోతే తను కాలిపోతుందని దాని భయం. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

అన్నాళ్ళలో మొదటిసారి అంకుల్ గోడవైపు చూశారు. "ఇదేం పాటయ్యా? పల్లవి ఒక్కటేనా, చరణాలున్నాయా?"

హాలంతా నవ్వింది. నాకు చెమటలు పట్టాయి, ఆ చలిలో! అంకుల్ విజయగర్వంతో లేచి, అలమరలోంచి పాటల పుస్తకాలు తీయించి పిల్లలకి పంచారు. "పాడండర్రా. పుస్తకానికి కరెంటు అక్కర్లేదు, ఫ్యాను అక్కర్లేదు."

పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరి నోరూ పెగలలేదు. అంకుల్ మనవరాలు స్వీటీ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన కోటు పట్టుకు లాగింది.

"తాతూ, యే క్యా లిఖా హై? ఏం రాశారిందులో?"

"పాటే కదమ్మా. ప్రతివారం పాడతావు కదా!"

"పుస్తకంలోంచి కాదు. దీవార్ సే" అంది గోడ చూపిస్తూ.

రెండు నెలలుగా వెనక వరసలోంచి వినిపిస్తున్న మనవరాలి గొంతు విని, పుస్తకం చూసే పాడుతోందని మురిసిపోయారట ఆయన. గోడవైపు చూడనన్న పంతంలో ఆ పిల్ల గోడనే చదువుతోందని ఆయనకి తెలియలేదు. ఆయన ముఖం చూస్తే నాకు నా కష్టం మరిచిపోయేంత జాలి వేసింది.

ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. ఆయన గిరుక్కున నావైపు తిరిగారు.

"దాన్ని లేపు."

"లేవట్లేదు అంకుల్."

"లేపమంటున్నా! పిల్లలు పాడాలి!" అని ల్యాప్‌టాప్ మీదికి వంగి, ముక్కు ఎగబీల్చారు. "ఏంటీ వాసన? కొబ్బరినూనా? దీనికి తలంటావా?"

"ఒక్క చుక్కే అంకుల్... చప్పుడు రాకూడదన్నారని..."

ఆ మాటతో హాలు ఘొల్లుమంది. ఆ పొద్దున తలకి నూనె పెట్టుకోవడానికి సీసాను వేడినీళ్ళలో పెట్టి కరిగించుకోని మనిషి అక్కడ ఒక్కరు లేరు. ఐసీయూలో హెడ్ నర్సుగా పనిచేసే సుగుణక్క తల పట్టుకుంది.

"గడ్డకట్టిందయ్యా నాయనా! ఇంత చదువు చదివి ఇదేం పని? జరుగు, పేషెంటుని ఇటివ్వు."

అంతే, నర్సులంతా చుట్టూ మూగారు. ఒకరు శాలువా పరిచారు. మోకాళ్ళ నొప్పుల మామ్మగారొకరు తన ఒళ్ళోని వేడినీళ్ళ సంచి తీసిచ్చారు. "నేరుగా పెట్టొద్దు, గుడ్డ వెయ్యి" అని ఒకరు, "కదపకండి" అని ఇంకొకరు. సుగుణక్క చెయ్యి ఆనించి "ఇంకా చల్లగానే ఉంది" అంటుంటే, ఆనందరావు అంకుల్ తన మంకీ క్యాప్ ఊడబెరికి ఇచ్చారు.

"ఇది కప్పండి. వెచ్చగా ఉంటుంది."

పాస్టరుగారు పాపం ఆ సమయమంతా ప్రార్థనతో నెట్టుకొచ్చారు. దేశాల కోసం అయింది, రాష్ట్రాల కోసం అయింది, జిల్లాల్లోకి దిగారు. ప్రకాశం జిల్లా దగ్గరుండగా సుగుణక్క "ఇప్పుడు నొక్కు" అంది.

నొక్కాను. బీప్ రాలేదు. లోపల ఏదో మూలిగింది, దగ్గింది, జాలీలోంచి రెండు నూనె చుక్కలు నా కొత్త చొక్కా మీద ఉమ్మింది. ఆ తర్వాత మునుపెన్నడూ లేనంత గట్టిగా "కరకర కరకర" అంటూ తిరిగింది. గోడ మీద పాట వెలిగింది. పిల్లలు ఆ చప్పుడు మీదుగా గొంతు చించుకుని పాడారు. బోడితలతో చలికి వణుకుతూ, మనవరాలి పక్కన నిలబడి, అంకుల్ కూడా గోడ చూసే పాడారు. నేను ఫ్యానుకు కాపలా కాస్తూ పేజీలు తిప్పాను.

ఆరాధన అయ్యాక, కేకులు పంచేముందు అంకుల్ లేచి నిలబడ్డారు.

"సంఘానికి ఒక తీర్మానం. గోడ మీద పాటలు ప్రతి ఆదివారం ఉండాలి. చప్పుడొచ్చినా ఫరవాలేదు, ప్రార్థించేవాడికి ఫ్యాను అడ్డం కాదు."

నా ఛాతీ ఉబ్బింది. సన్మానమేదైనా ఉంటుందేమోనని చొక్కా మీద నూనె మరక దాచుకుంటూ లేవబోయాను.

"ఇంకొక మాట. ఈ రోజు నుంచి ఆ యంత్రాన్ని ప్రభాకర్ ముట్టుకోకూడదు."

"ఆమెన్!" అంది హాలంతా. పెద్దలూ, పిల్లలూ, నర్సులూ, నర్సుల భర్తలూ, చివరికి పాస్టరుగారూ! ఆ సంఘంలో అంత ముక్తకంఠంతో ఆమెన్ నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. పాటలన్నీ టైపు చేసిందెవరు? నేను. రజాయిలో కూర్చుని చేతులు నొప్పి పుట్టేలా కష్టపడిందెవరు? నేను. అయినా ఆమెన్!

అందుచేత సంఘం సాక్షిగా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఇంట్లో మిక్సీ అరిచినా, ఫ్రిజ్ మూలిగినా, ఏ యంత్రం ఏ ప్రార్థన మధ్యలో ఏం నమిలినా నమలనిస్తాను గానీ, నూనె సీసా పట్టుకుని దాని దగ్గరికి పోను. ఇది నా గంభీరమైన ప్రతిజ్ఞ. దీనికి మీరెవరూ ఆమెన్ అనక్కర్లేదు.