గౌస్ మాస్టారి ఐదు వేళ్లు

తెనాలి బ్యాండు మాస్టారు గౌస్ మొహిద్దీన్ రేపల్లె పెళ్లిలో అరుగు మీదున్న ఆడవాళ్లకు వేళ్లతో సైగలు చేశాడట. ఈ కబురు రేపల్లె ప్యాసింజరు ఎక్కి, కూరగాయల గంపల మధ్య కూర్చుని, మాస్టారికంటే ఒక పూట ముందే తెనాలిలో దిగింది. అరవై ఏడో సంవత్సరం వేసవి అది.

"ఆడవాళ్లందరికీ కాదమ్మా, ఒక్కావిడకే," అని కుళాయి దగ్గర సీతారావమ్మ సరిదిద్దింది. ఆవిడ ఆ పెళ్లికి వెళ్లొచ్చింది. "బాపట్ల బసవేశ్వరరావు గారి చెల్లెలు హైమావతి లేదూ, ఆవిడకి. ముందు ఉంగరం వేలు పట్టుకున్నాడు. అంటే ఉంగరం చేయిస్తానని. తర్వాత నడిమి వేలు వంచాడు. అంటే నీకు వంగి దణ్ణం పెడతానని. ఆనక పిడికిలి బిగించాడు."

"పిడికిలంటే ఏంటి పిన్నీ?" అంది వరసలో ఒక పడుచు.

"గుట్టుగా ఉంచమని. అదీ తెలీదేంటే నీకు?"

వరసలో నాలుగో బిందె ఖైరున్నీసాది. ఆమె మాస్టారి భార్య. కోపం రావలసిన చోట ఆమెకు నవ్వొచ్చింది. కానీ నవ్వితే కారణం చెప్పాలి, ఆ కారణం చెప్పనని మొగుడికి మాటిచ్చి పన్నెండేళ్లయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని సీతారావమ్మ తన బిందె పక్కకు జరిపి, ఆమెను ముందు పట్టుకోమంది.

ఆ వేళ్ల సంగతి ఖైరున్నీసాకు బాగా తెలుసు. పెళ్లికి ముందు మాస్టారు బాపట్లలో ఉండేవాడు. అక్కడ చర్చిలో ఆర్గన్ వాయించే దేవసహాయం గారు ఆయనకు ఇంగ్లీషు సంగీతం చెప్పారు. కాగితం మీద ఐదు గీతలు, గీతల మీదా సందుల్లోనూ చీమతలకాయలంత చుక్కలు. ఆరు నెలలు గడిచినా శిష్యుడు ఒక్క చుక్కా పట్టుకోలేకపోయాడు. వినిపిస్తే మాత్రం ఒక్కసారికే వాయించేస్తాడు. చివరికి దేవసహాయం గారు కాగితం పక్కన పడేసి, శిష్యుడి ఎడమ చెయ్యి పట్టుకుని అడ్డంగా చాపించారు.

"ఇవిగో ఐదు గీతలు. చిటికెన వేలు అడుగు గీత, బొటనవేలు పై గీత. వేలు తాకితే గీత మీది స్వరం. రెండు వేళ్ల నడుమ తాకితే సందులో స్వరం. వేలు వంచితే ఫ్లాటు, అంటే అరమెట్టు దిగు. నిక్కబొడిస్తే షార్పు, అరమెట్టు ఎక్కు. పిడికిలి బిగిస్తే రెస్టు. అంటే నోరు మూసుకో."

ఇదేమీ తన తెలివి కాదనీ, వెయ్యేళ్ల కిందట ఇటలీలో సన్యాసులు అరచేతి గణుపులు చూపిస్తూ భజన పాటలు నేర్పేవారనీ కూడా ఆయన చెప్పారు. అప్పట్లో వాళ్లకు ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని ఆరే స్వరాల పేర్లట. ఏడో పేరు ఎప్పటికో గాని రాలేదట.

"నిషాదానికి పేరు లేకుండా ఎలా బతికారండి పాపం!" అన్నాడు శిష్యుడు.

"కాగితం లేకుండా నువ్వు బతకట్లా? అలాగే," అన్నారు దేవసహాయం గారు.

మాస్టారు తెనాలి వచ్చి బ్యాండు పెట్టాక, అక్షరం రాని తొమ్మిది మందికి ఆ చేత్తోనే పాటలన్నీ నేర్పాడు. రేపల్లెలో ఆ రోజు జరిగింది ఇంతే. కొత్తగా చేరిన ట్రంపెట్టు వీరాస్వామి సరిగ్గా హైమావతి నిలబడ్డ అరుగు కింద నిలబడి, మాస్టారు ఉంగరం వేలు పట్టుకుంటే జి సరిగానే ఊదాడు గాని, ఆ తర్వాత బి ఫ్లాటు ఊదవలసిన చోట ఉత్త బి ఊదాడు. బి అంటే నడిమి గీత, దాన్ని దించమని మాస్టారు నడిమి వేలు వంచాడు. వీరాస్వామి ఇంకా గట్టిగా ఊదాడు. మాస్టారు పిడికిలి బిగించాడు.

నాలుగో రోజు బసవేశ్వరరావు స్వయంగా వచ్చాడు. పై వారం బాపట్లలో ఆయన కూతురి పెళ్లి, బ్యాండు మాస్టారిదే. ఆ సీజనుకంతటికీ అదే పెద్ద పెళ్లి. ఆయన వద్దంటే ఇక బాపట్ల వైపు ఏ ఇల్లూ ఈ బ్యాండును పిలవదు. జట్కా దిగి వాకిట్లో నిలబడ్డాడు. మాస్టారు కొత్త బనీను వేసుకుని గబగబా బయటికి వచ్చి, రెండు చేతులూ జోడించి, జట్కావాడికి నమస్కారం పెట్టాడు.

"దయచేయండి బసవేశ్వరరావు గారూ!"

జట్కావాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏంటయ్యా ఈ వేళాకోళం? నా చెల్లెల్ని అల్లరి చేసింది చాలకనా?" అని బసవేశ్వరరావు మండిపడ్డాడు.

మాస్టారు గొంతు వచ్చిన వైపు తిరిగి, గీతలనీ సందులనీ ఏదో చెప్పబోయాడు.

"వేళ్లలో సంగీతమా! నా చెవిలో పూలు కనపడుతున్నాయా నీకు? నీ బ్యాండు అక్కర్లేదు, పో!"

గుమ్మానికి వేలాడే తెర వెనక నిలబడి ఖైరున్నీసా అంతా వింది. మాట నిలబెట్టుకుంటే ఆయనకు చెడ్డపేరు ఉండిపోతుంది. మాట తప్పితే ఆయన బ్యాండు ముందు నిలబడలేడు. "ఊరేగింపుకి ముందు నడిచేవాడికి చూపు ఆనదని తెలిస్తే క్లారినెట్టు రజాక్‌ని నిలబెట్టి, నన్ను ఇంట్లో కూర్చోబెడతారే," అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో! కళ్లద్దాలు కొనుక్కోమంటే, ఎర్రకోటు మీద పోస్టాఫీసు గుమాస్తాలా ఉంటానని కసురుకునేవాడు.

జట్కా కదలబోతోంది.

"బాబాయి గారూ," అంది తెర వెనక నుంచి. "ఒక్కసారి మీ చెయ్యి ఎత్తి వేళ్లు చూపించండి. ఎన్నో మా ఆయన్ని చెప్పమనండి."

"ఖైరూ!" అని మాస్టారు అరిచాడు.

బసవేశ్వరరావు చిరాకుగానే మూడు వేళ్లు ఎత్తాడు.

"ఐదు," అన్నాడు మాస్టారు, చాలా ధైర్యంగా.

బసవేశ్వరరావు ఒక అడుగు ముందుకు వేశాడు. "రెండు." ఇంకో అడుగు. "చెయ్యి ఎత్తారా అసలు?" ఆయన చెయ్యి ఇంచుమించు ముక్కుకి తగిలేదాకా వచ్చాక మాస్టారి మొహం విప్పారింది. "మూడండి! నడిమి వేలు కొంచెం వంగింది. బి ఫ్లాటు."

జట్కావాడు పడీపడీ నవ్వాడు. బసవేశ్వరరావు తన వేళ్లకేసి తానే చూసుకుని, పెళ్లికి బ్యాండును రమ్మన్నాడు.

మాస్టారు మాత్రం తల వంచుకున్నాడు. పక్కింటి అరుగు మీద క్లారినెట్టు రీడు గీకుతున్న రజాక్ అంతా విన్నాడు మరి. ఖైరున్నీసా తెర అంచు పిడికిట్లో నలిపేసింది.

"అది మాకు పదేళ్ల నుంచి తెలుసొదినా," అన్నాడు రజాక్, తల ఎత్తకుండానే. "సందు మలుపు వచ్చినప్పుడల్లా డ్రమ్ము మీద రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి చూడు, ఎందుకనుకున్నావ్? ఆయన కళ్లతో మాకేం పని? మాకు ఆ చెయ్యి కావాలి."

"ఆ రెండు దెబ్బలూ తప్పని నేను రోజూ తిడుతున్నానే!" అన్నాడు మాస్టారు.

పై వారం బాపట్ల పెళ్లిలో ఎర్రకోటు మీద కొత్త కళ్లద్దాలతో ఆయనే ముందు నడిచాడు. కబురు మాత్రం చావలేదు. అద్దాలు హైమావతి కోసమే పెట్టించుకున్నాడని సీతారావమ్మ ఇప్పటికీ అంటుంది.

రేపల్లెలో ఆ అరుగుకూ మాస్టారు నిలబడ్డ చోటికీ నడుమ ముప్ఫై అడుగులు. అద్దాలు లేకుండా ఆయనకు మనిషి వేళ్లు కనిపించేది జానెడు దూరంలో.