తవిత ఎడమ మోకాలు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో నా ఫిజియోథెరపీ క్లినిక్ అప్పటికే పాతబడింది, నేను కూడా. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. మెడలు, భుజాలు పట్టేసి వస్తారు. తర్వాత పసుపు చేన్లలో నడుము పోగొట్టుకున్నవాళ్లు. అందరికీ చెప్పేది ఒకటే, కొన్నాళ్లు పని ఆపమని. ఎవరూ ఆపరు. మళ్లీ అదే నొప్పితో వస్తారు. చెప్పీ చెప్పీ నాకు విసుగు కూడా పోయి, ఉత్త అలసట మిగిలింది.

ఆ రోజు 'తవిత' అన్న పేరు మీద అపాయింట్‌మెంట్ ఉంటే, ఎవరో అమ్మాయి అనుకుని ఆడవాళ్ల వైపు మంచం ఖాళీగా ఉంచాను. తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చిందేమో ఆరడుగులు దాటిన మగమనిషి. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. వెంట రాజేందర్ వచ్చాడు. బోధన్ రోడ్డులో క్రికెట్ అకాడమీ నడుపుతాడాయన.

"న్యూజిలాండ్ ప్లేయర్ మేడం. అసలు వీళ్లది సమోవా అంట, సముద్రంల దీవులు. మా పిల్లలకు కోచింగ్ ఇస్తుండు. బోధన్‌ల టోర్నమెంట్ వెట్టుకున్నం, నాందేడ్ దిక్కు టీములు గూడ వస్తున్నయి. రోడ్డు పొంటి ఈయన ఫొటోలే కట్టిచ్చిన. ఎట్లన్న జేసి బౌలింగ్ జేసెటట్టు జెయ్యిండ్రి."

పడుకోబెట్టి, మోకాలి మీద చెయ్యి ఉంచి కాలు మెల్లగా వంచాను. లోపల ఇసుక నలిగినట్టు తగిలింది. దీన్ని మేం క్రెపిటస్ అంటాం. ఎముకల మధ్య మెత్తలా ఉండే కార్టిలేజ్ అరిగిపోతే వచ్చే గరగర అది. తెచ్చిన ఎంఆర్ఐలోనూ అదే కనిపించింది. ఫాస్ట్ బౌలర్ బంతి విసిరే క్షణంలో ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం ముందుకాలి మీద పడుతుంది. కుడిచేతి బౌలర్‌కు ఆ కాలు ఎడమది.

"ఒక్క సూది ఏపిస్తే నడ్వదా మేడం?" అన్నాడు రాజేందర్.

"సూదితో నొప్పి తెలవదు. అరుగుడు ఆగదు," అని ఆయన్ని బయట కూర్చోమన్నాను.

తవితతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను. అకాడమీ పిల్లల దగ్గర నేర్చుకున్న 'అక్కా' మాత్రం ఆయనదే.

అమ్మానాన్నలు సమోవా నుంచి ఆక్లాండ్‌కు పోయి స్థిరపడ్డారు. తండ్రి మాంసం కోసే ఫ్యాక్టరీలో పని చేశాడు. ఇంట్లో, చుట్టాల్లో అందరిదీ రగ్బీ. టీ తాగడానికి ఆగే ఆట కూడా ఒక ఆటేనా అని మేనమామలు నవ్వేవాళ్లట. అయినా ఈయన ఒక ప్రాంతీయ జట్టులో చోటు తెచ్చుకున్నాడు. అక్కడ చలికాలం రాగానే ఇంగ్లాండ్ పోయి క్లబ్బులకు ఆడేవాడు. దేశం జట్టు నుంచి మాత్రం పిలుపు రాలేదు. చివరికి ఒకసారి సమోవా జట్టుకు ఆడాడు. తండ్రి మొదటిసారి మ్యాచ్ చూడటానికి వచ్చింది అప్పుడే.

"ఆయనకు ఆట తెలియదక్కా. నేను వికెట్ తీసినా లేచి చప్పట్లు కొట్టాడు, నా బంతిని సిక్స్ కొట్టినా లేచి చప్పట్లు కొట్టాడు," అని నవ్వాడు. నవ్వుతుండగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు చెప్పక్కా, నేను మళ్లీ పరుగెత్తి బంతి వెయ్యొచ్చా?"

"వద్దు. ఇంక ఆపెయ్యాలి."

ఆయన చేతులతో మొహం మూసుకుని ఏడ్చాడు. పరదా అవతల మంచం మీద భుజానికి కాపడం పెట్టించుకుంటున్న గంగవ్వకు అంతా వినిపిస్తూనే ఉంది. బీడీలు చుట్టే మనిషి ఆమె. "ఎందుకు ఏడుస్తుండు బిడ్డా గాయన?" అని నన్నే అడిగింది.

"పని బందు జెయ్యమన్న అవ్వా."

"నాకు గూడ గదే జెప్తవ్ గదా," అని అటు తిరిగి పడుకుంది.

నా రిపోర్టులో బౌలింగ్ చెయ్యకూడదని రాశాను. వాళ్లు వేరేచోట సూది వేయించుకున్నారని తర్వాత తెలిసింది. ఆదివారం కోటగిరిలో మా అన్న ఇంటికి పోతూ బోధన్ గ్రౌండ్ దగ్గర ఆగాను. తవిత మొదటి ఓవర్ వేస్తున్నాడు. అంత బరువైన మనిషి అంత తేలికగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మధ్య వికెట్ ఎగిరి వెనక్కి పడింది, జనం లేచి నిలబడ్డారు. రెండో ఓవర్‌లో ఎడమకాలు ఆనగానే మోకాలు లోపలికి మడుచుకుపోయింది. అంపైర్ భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. మోసుకుని తీసుకుపోయారు.

మర్నాడు వాచిన కాలుతో క్లినిక్‌కు వచ్చాడు. నేను తిట్టలేదు. రాజేందర్ తల వంచుకుని, "నాదే తప్పు మేడం," అన్నాడు. ఐస్ పెడుతుంటే తవిత అడిగాడు: "మొదటి ఓవర్ చూశావా అక్కా? బాగుంది కదా?"

"చానా బాగుంది," అన్నాను. అది నిజం.

అప్పుడు నేను అంతకు ముందు ఏ పేషెంట్‌నూ అడగని మాట అడిగాను. "ఆట లేదనుకో. ఇంక ఈ మోకాలు నీకు దేనికి కావాలె?"

పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. సమోవాలో పెద్దలు మాట్లాడుతుంటే చిన్నవాళ్లు చాప మీద మఠం వేసుకుని కూర్చోవాలి. కాళ్లు చాపితే మర్యాద కాదు. తండ్రి సొంతూరికి తిరిగిపోయాడు. కొన్నేళ్లుగా చూడటానికి పోయినప్పుడల్లా, మోకాలు వంగక, ఆయన ముందు తాను కుర్చీలోనే కూర్చుంటున్నాడు. "నాన్న ఏమీ అనడు. నన్ను చూడగానే చాప మీది నుంచే కుర్చీ తెమ్మని కేకేస్తాడు. అదే నాకు బాధ."

వాపు తగ్గాక ఆ పని పట్టుకున్నాం. తొడ కండరం బలపడటానికి, మోకాలు కొద్దికొద్దిగా వంగడానికి వ్యాయామాలు చేయించాను. మామూలుగా పేషెంట్లు నాలుగు రోజులు చేసి మానేసే వ్యాయామాలే అవి. ఆయన ఒక్కపూట మానలేదు. మోకాలు పూర్తిగా వంగలేదు, అరిగింది అరిగిందే. తిరిగిపోయే నాటికి మోకాలి కింద మడత పెట్టిన దుప్పటి ఉంటే కాసేపు మఠం వేసుకుని కూర్చోగలిగేవాడు. తర్వాత వాళ్ల ఊరి నుంచి ఫొటో పంపాడు. చాప మీద ముసలాయన, ఎదురుగా ఈయన. నొప్పి మొహంలో తెలుస్తూనే ఉంది. కుర్చీ లేదు.

ఇప్పటికీ పని ఆపమని చెప్తూనే ఉన్నాను. ఇప్పటికీ ఎక్కువమంది ఆపరు, ఆపే వీలూ వాళ్లకు లేదు. అలసట తగ్గిందని చెప్పను. కానీ నొప్పి ఎక్కడ అని అడిగి ఊరుకోను. ఆ చెయ్యి, ఆ కాలు దేనికోసం కావాలో కూడా అడుగుతాను. మనవరాలికి జడ వెయ్యాలని ఒకామె అంటుంది, బస్సు మెట్లు ఎక్కాలని ఇంకొకామె. వైద్యం అక్కణ్నుంచి మొదలుపెడతాను.