చంద్రుని మీద ఇల్లు, మిర్యాలగూడల మిల్లు

దేశాలు చంద్రుని మీద ఇండ్లు కట్టుకోవాల్నా వద్దా అని మా మనవలు టీవీ ముందట కూసోని కొట్లాడుకుంటుంటే నాకు నవ్వొస్తది. ఆ పంచాయితి మా ఇంట్ల ఎన్నడో అయింది. అయిందంటే తెగిందని కాదు. నా పానం తీసింది.

సూర్యాపేటల మాది గింజల దుకాణం. ముందట దుకాణం, ఎనుక ఇల్లు, నడుమ ఒక తలుపు. కోడలు ఆ తలుపు దాటొద్దు, మామ ముందట నిలబడి మాట్లాడొద్దు. ఏమన్న చెప్పాల్నంటే తలుపు చాటున నిలబడి చంకల ఉన్న పిల్లకు చెప్పాలె: "తాతకు చెప్పవే, ఉప్పు అయిపోయిందని." నా బిడ్డకు ఇంక మాటలే రావు. అయినా మామయ్య ఇని, "అట్లనా బిడ్డా, తెప్పిస్త తియ్" అని పిల్లకే జవాబిచ్చెటోడు. పిల్ల నిద్రపోతే గోడకు చెప్పేదాన్ని. నాకసలే నోరు ఊకోదు, కాలు ఊకోదు. మా అమ్మ నన్ను కాలు కాలిన పిల్లి అనేది. అసొంటిదాన్ని తెచ్చి తలుపెనుక నిలబెట్టిన్రు!

మా ఆయనకు గూడ వాళ్ళ నాయిన ముందట నోరు పెగలదు. ఆయనకు ఒకటే ఆశ. సాగర్ కాలువ నీళ్ళొచ్చినయి, మిర్యాలగూడ పొంటి ఏడ సూసినా వరే. ఆడ బియ్యం మిల్లు పెట్టాలె. నాకు ఆయనకంటె ఎక్కువ ఆశ. ఆడ ఈ తలుపు ఉండదు. పొద్దంత తిరగొచ్చు, నా మాట నేనే చెప్పుకోవచ్చు. కని మిల్లు మాట ఎత్తితే చాలు, మామయ్య ఒంటికాలి మీద లేచెటోడు.

అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాట, ఎప్పుడు సూసినా బందులే. దుకాణం సగం తలుపులేసి మొగోళ్ళు రేడియో కాడ కూసునెటోళ్ళు. చంద్రుని మీద మనుషులు దిగిన్రన్న వార్త అట్లనే ఇన్నం. మామయ్య మొదలు నమ్మలే. నమ్మినంక కోపమొచ్చింది.

"పోయిన్రు, సూసిన్రు, వచ్చిన్రు. మంచిదే. రేపు ఆడ ఇండ్లు గూడ కడతరట! ఎవడబ్బ జాగని కడతరు? ఒక దేశపోడు గుంజ పాతితే ఇంకో దేశపోడు ఊకుంటడా? గీడ అన్నదమ్ములకు నడిమి గోడకాడనే తలకాయలు పలుగుతున్నయి."

మా ఆయన ఎన్నడు లేంది నోరు తెరిచిండు. "అందరు గట్లనే అనుకుంటె కొత్త జాగకు ఎవరు పోతరు నాయినా?"

"నీళ్ళున్నయారా ఆడ?"

"లేవన్నకాడికే గద నీళ్ళొచ్చింది."

అది చంద్రుని ముచ్చట కాదని బస్తాలు మోసెటోళ్ళకు గూడ ఎరుకైంది. ఆనాటి నుంచి రోజు అదే కథ. తండ్రికొడుకులు మిల్లు అనరు, మిర్యాలగూడ అనరు. చంద్రుడంటరు. నేను తలుపెనుక ఉడికిపోతున్న. మా ఆయన ఒక్క మాట అని వంద మాటలు మింగుతడు. ఒకనాడు ఇగ ఆగలేకపోయిన.

"తాతకు చెప్పవే. జెండా పాతి, రాళ్ళు మూటగట్టుకొని మర్లొచ్చుడు ఏం పెద్దరికం? పక్కింటి పెరట్ల దూరి చింతకాయ తెంపుకొచ్చినట్టు! పోతే ఉండాలె. పొయ్యి ఎలిగియ్యాలె. అన్ని దేశాలోళ్ళు ఒక్కతాన వండుకొని తింటె గుంజల పంచాయితే ఉండదు."

మామయ్య పక్కున నవ్విండు. "ఓ బిడ్డా, నీకు పండ్లు రాలేగని నోరు మాత్రం మస్తుగొచ్చింది!"

ఇగ అప్పటి సంది రేడియోల వార్తలు ఖతం కాంగనే ఆయన తలుపు దిక్కు తిరిగి దగ్గెటోడు. "లోపలోళ్ళు ఏమంటున్నరో?" గాలి లేనికాడ దీపమెట్ల ఎలుగుతదని అడిగెటోడు. జవాబు దొరికేదాంక నాకు అన్నం సయించకపోయేది. పొయ్యి మీద పప్పు మాడితె అత్తమ్మ తిట్టేది.

దసరా దాటినంక ఒకనాడు మామయ్య అన్నడు, "సరే. లోపలోళ్ళ మాటే మాట. పోతే ఉండాలె. పోనీ వాన్ని, పెట్టనీ మిల్లు."

నేను ఎగిరి గంతేసి చీరెలు మూటగట్టుడు మొదలుపెట్టిన. "నువ్వేడికే?" అన్నది అత్తమ్మ. దుకాణంలకెల్లి మామయ్య గొంతు వచ్చింది. "బిడ్డా, మీ అమ్మకు చెప్పు. చంద్రుని మీదికి ఆడోళ్ళెవరన్న పోయిన్రా? ముందుగాల మొగోడు పోయి జాగ చేస్తడు." అందరు నవ్విన్రు. నా నోటితోని నేనే నా మొగన్ని పంపిచ్చుకున్న. ఆ మూట ఇప్పి చీరెలు మళ్ళ పెట్టెల పెడుతుంటే ఏడ్పొచ్చింది.

మిల్లుకు అమాసనాడు సెలవు. మా ఆయన అమాసకు వచ్చెటోడు, తెల్లారి బస్సుకు పోయెటోడు. నేను పొయ్యికాడికెల్లి తలుపుకాడికి, తలుపుకాడికెల్లి పొయ్యికాడికి. ఎప్పుడడిగినా మామయ్యది ఒకటే మాట: "ఇంక జాగ కాలే." బిడ్డ బడికి పోవట్టింది, నేను గోడతోని మాట్లాడవడితి. ఆఖరికి చంద్రుని మీదికి పోవుడే బందు పెట్టిన్రు.

"సూసిన్రా? ఎవడన్న ఇల్లు కట్టిండా?" అన్నడు మామయ్య, గెలిచినట్టు.

"ఆడోళ్ళను ఇడిసిపెట్టి పోయెటోళ్ళు ఇల్లెట్ల కడతరే గోడా? మర్లొచ్చుడే అయితది," అన్న నేను. ఆయన లేచి రేడియో బందు చేసిండు.

ఆ అమాసకు మా ఆయన సగం మనిషై వచ్చిండు. హోటలు కూడు తిని తిని కడుపుల మంట. "ఇగ నాతోని కాదు. మిల్లు అమ్మి వచ్చేస్త," అన్నడు. ఆయనొస్తే నాకు ఆ తలుపే, ఆ గోడే, సచ్చేదాంక.

పొద్దుగాల ఆయన బస్సుకు బయలెల్లంగ నేను గూడ మూట పట్టుకున్న, బిడ్డ చెయ్యి పట్టుకున్న. పెరటి దారి పట్టలే. తలుపు దాటి దుకాణంలకే పోయిన. గద్దె మీద మామయ్య. ఆయన ముందట నిలబడ్డ.

"మామయ్యా, నేను పోతున్న."

కాంటకాడ మనిషి చేతుల రాయి చేతులనే ఉన్నది. మామయ్య పిల్లను సూడలే, గోడను సూడలే. నన్నే సూసిండు.

"జాగ ఎన్నడో అయింది," అన్నడు మెల్లగ. "నేనే కాలే అన్న. ఈ ఇంట్ల అందరు నేనేమంటె గదే అంటరు. నువ్వు గూడ పోతె నాతోని కొట్లాడెటోళ్ళెవరే?"

ఒళ్ళు మండిపోయింది. ముచ్చట పెట్టుకొనీకె నా బతుకును తలుపెనుక దాసిపెట్టిండా! మండుతనే ఉన్నది, కండ్లల్ల నీళ్ళు గూడ తిరిగినయి. ఆ ఇంట్ల నా మాట కోసం చెవిపెట్టి కూసున్నది ఆయనొక్కడే.

"మిర్యాలగూడకు బస్సున్నది మామయ్యా," అన్న. "కొట్లాడాల్నంటె మీరే రాండి."

చెప్పులేసుకొని బజార్లకు నడిచిన.